పోస్టర్ మీద ఎమ్మా

నాకు పదకొండేళ్లప్పుడు హోబార్ట్ ఊరంతా నా మొహం వేలాడింది. బస్టాపుల్లో, సూపర్ మార్కెట్ గోడల మీద, చివరికి ఒక సిటీ బస్సు వెనకాల కూడా. బస్సు మీద నా గడ్డం సరిగ్గా పొగగొట్టం పైకి వచ్చింది. కింద పెద్ద అక్షరాల్లో ఇలా ఉండేది: "ఎమ్మా, 9 ఏళ్లు. ఈ చలికాలం ఎమ్మా ఆకలితో పడుకుంటోంది."

నా పేరు టీగన్. నాకు తొమ్మిదేళ్లు కావు. ఇక ఆకలి సంగతంటారా, గొడవంతా దాని మీదే.

మా ఇంట్లో నలుగురం. అమ్మ రేలీన్, అమ్మమ్మ మెర్ల్, నేను, ఆరేళ్ల తమ్ముడు బ్రోడీ. వంతెన దాటి కొండవాలు ఎక్కితే వరసగా ప్రభుత్వం కట్టించిన ఇళ్లుంటాయి. అందులో మాదొకటి. నాన్న గనుల్లో పని దొరికిందని ఖండం ఆ చివరికి వెళ్లాడు. "ఆ గని బాగా లోతున్నట్టుంది, మనిషి మళ్లీ పైకి తేల్లేదు" అనేది అమ్మమ్మ. నిజానికి ఆయన బాగానే తేలాడు, ఇంకో ఇంట్లో, ఇంకో ఆవిడ పక్కన.

అమ్మ సాల్మన్ చేపలు డబ్బాల్లో సర్దే ఫ్యాక్టరీకి వెళ్లేది. పని ఉంటే తెల్లారి ఆరింటికి ఫోనుకి మెసేజ్ వస్తుంది, లేకపోతే రాదు. వచ్చిన రోజు ఇల్లంతా చేపల కంపు. రాని రోజు ఇల్లంతా అమ్మ చిరాకు. మాకు కంపే నయమనిపించేది. ఆ ఏడాది, మా వైపు చలికాలం మొదలయ్యే జూన్ నుంచి, కంపు బాగా తగ్గిపోయింది.

స్కూలు ద్వారా మాలాంటి పిల్లలకి బూట్లు, కోట్లు ఇచ్చే సంస్థ ఒకటుండేది. పేరు అనవసరం. అక్కణ్ణుంచి ఫిలిపా అనే ఆవిడ అమ్మకి ఫోన్ చేసింది. చలికాలం చందాల కోసం ఒక కుటుంబాన్ని ఫొటో తియ్యాలట, మేం ఒప్పుకుంటామా అని. వెచ్చగా, మెత్తగా మాట్లాడింది. అమ్మ ఫోను మీద చెయ్యి మూసి అమ్మమ్మ వైపు చూసింది.

"ఫొటో తీస్తారట. నాకిష్టం లేదు."

"ఎందుకు లేదే? నీ పెళ్లికి కూడా సరైన ఫొటోగ్రాఫర్ దొరకలేదు" అంది అమ్మమ్మ. "ఆ వచ్చినవాడు తాగి, కేకుని తీశాడు కానీ నిన్ను తియ్యలేదు."

"పెళ్లి ఫొటో కాదమ్మా ఇది."

"అదే మంచిది. దీనికి మొగుడక్కర్లేదు."

రెండేళ్లుగా వాళ్లిచ్చిన బూట్లే మేం తొడుక్కుంటున్నాం. కాదనడానికి అమ్మకి నోరు రాలేదు. సరేనంది.

అమ్మకి ఫొటో ఎందుకో తెలుసు. అమ్మమ్మకి తెలిసిందల్లా ఇంటికి కెమెరాతో చుట్టాలొస్తున్నారని. ఆ గురువారం పొద్దున్నే లేచి గుమ్మం కడిగింది. కిటికీలు తుడిచింది. పైకప్పు మీది బూజు మచ్చని చీపురుకి గుడ్డ కట్టి రుద్దింది. అది పోలేదు కానీ కాస్త గుండ్రంగా అయింది. తర్వాత ఫ్రిజ్ తలుపు తెరిచి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

లోపల ఒక సాస్ సీసా, సగం ఉల్లిపాయ, అడుగున గీరితే వచ్చేంత వెన్న.

"ఛీ, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అని ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వీధిలోకి బయల్దేరింది.

అమ్మ ఆ టైముకి మాకు స్నానం చేయించి జుట్టు పీకుతోంది. అంటే దువ్వుతోంది. వెనక్కి తిరిగి చూసుకునేసరికి వంటింట్లో అమ్మమ్మ ఫ్రిజ్ సర్దుతోంది. ఎదురింటి డల్సీ ఆ వారం కొడుకొస్తున్నాడని కాల్చిపెట్టుకున్న కోడి, నిండుగా, బంగారు రంగులో. పక్కింటి క్లైవ్ ముందురోజు పడవేసుకుని వెళ్లి పట్టిన రెండు చేపలు. మూలింటివాళ్ల అమ్మాయి పుట్టినరోజు కేకు, మీద గులాబీ రంగు పువ్వులతో. ఒక క్యాబేజీ, దాని వెనక క్లైవ్‌వే నాలుగు బీరు డబ్బాలు.

"అమ్మా! ఏంటిది?" అంది అమ్మ.

"వాళ్లు వెళ్లగానే ఇచ్చేస్తానని చెప్పానులే. ఎవరూ ముట్టుకోకండి. ఒరేయ్ బ్రోడీ, కేకు వైపు చూడకు, కరిగిపోతుంది."

అమ్మ ఏదో చెప్పబోయింది. బయట కారు ఆగింది.

ఫిలిపా పొడుగ్గా, సన్నగా, మెడకి ఉన్ని శాలువా చుట్టుకుని వచ్చింది. వెనక లాక్లన్ అనే కుర్రాడు, రెండు కెమెరాలు, ఒక దీపం. అమ్మమ్మ వాళ్లని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. వాళ్లు గది నలుమూలలా చూశారు. అంతా తళతళలాడుతోంది. లాక్లన్ మొహంలో కొంచెం దిగులు కనిపించింది.

"రేలీన్, మీకు అభ్యంతరం లేకపోతే" అంది ఫిలిపా నెమ్మదిగా, "టీగన్ ఫ్రిజ్ ముందు నిలబడితే, తలుపు తెరిచి..."

"తప్పకుండా!" అని అమ్మమ్మే లేచి తలుపు బార్లా తీసింది.

లైటు వెలిగింది. కోడి మెరిసింది. కేకు మీది పువ్వులు మెరిశాయి. లాక్లన్ కెమెరా దించేశాడు.

"ఏం తింటారు? కోడి కొయ్యనా?" అంది అమ్మమ్మ.

"బాగుంది... చాలా బాగుంది" అంది ఫిలిపా. "కానీ మెర్ల్ గారూ, మాకు ఫ్రిజ్ మామూలుగా ఎలా ఉంటుందో అలా కావాలి."

"మామూలుగానా? మీ ఇంటికి ఎవరైనా వస్తే తీగ మీద మీ చిరుగుల లంగాలు మామూలుగా ఆరేసి ఉంచుతారా, తీసి లోపల పడేస్తారా?"

ఫిలిపా శాలువా సర్దుకుంది. అమ్మ మొహం ఎర్రబడింది. నేలకేసి చూస్తూ, "అవేవీ మావి కావండీ. అరువు తెచ్చింది" అంది.

ముందు లాక్లన్‌కి నవ్వొచ్చింది, ఆపుకోలేక దగ్గాడు. తర్వాత అమ్మకీ వచ్చింది. ఫిలిపా కూడా పెదవి కొరుక్కుంటూ నవ్వేసింది. అమ్మమ్మ ఒక్కతే నవ్వలేదు. "ఇందులో నవ్వుకునేదేముందో" అని గొణిగింది.

తర్వాత అందరూ కలిసి ఫ్రిజ్ ఖాళీ చేశారు. ఫిలిపా క్యాబేజీ మోసింది. లాక్లన్ బీరు డబ్బాలు మోస్తూ ఒకటి తాగొచ్చా అని అడిగాడు, అమ్మమ్మ కళ్లెర్రజేసింది. చివరికి మిగిలినవి సాస్ సీసా, సగం ఉల్లిపాయ, వెన్న.

లాక్లన్ కెమెరాలోంచి చూశాడు. "అద్భుతం!" అన్నాడు.

అమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. నేను చూశాను. ఆ అబ్బాయి వెలుతురు గురించే అన్నాడేమో, పాపం.

ఇక నా వంతు. నా కాళ్ల వైపు చూసి లాక్లన్ గొంతు సవరించుకున్నాడు. "ఈ బూట్లు కాస్త కొత్తగా ఉన్నాయి. వేరేవి ఉన్నాయా?"

"ఇవి మీరే ఇచ్చారు" అన్నాను.

బూట్లు విప్పించారు. ఒట్టి కాళ్లతో నిలబెట్టారు. నేల ఐసులా ఉంది. దిగులుగా మొహం పెట్టమన్నారు. నాకు కెమెరా చూస్తే పళ్లు బయటికొస్తాయి, చిన్నప్పట్నించీ అంతే. పైగా కెమెరా వెనక బ్రోడీ కనురెప్పలు తిప్పి ఎర్రగా చూపిస్తున్నాడు.

"ఏదైనా బాధ కలిగించే విషయం తలుచుకో, అమ్మా" అంది ఫిలిపా.

నాన్నని తలుచుకున్నాను. ఏమీ రాలేదు. చచ్చిపోయిన మా పిల్లిని తలుచుకున్నాను. అది మహా పాపిష్టిది, అందర్నీ రక్కేది. మళ్లీ నవ్వొచ్చింది.

అప్పటికి అమ్మమ్మకి విసుగొచ్చింది. "మీ ఫొటోల కోసం డల్సీ కోడి పాడైపోతుంది, నేను ఇచ్చేసొస్తాను" అని పళ్లెం రెండు చేతులతో పట్టుకుని బయటికి నడిచింది. ఫ్రిజ్ పక్కనే కిటికీ. అందులోంచి నాకు ఆ కోడి రోడ్డు దాటడం కనిపించింది. మెల్లగా, ఒక్కో అడుగూ వేస్తూ, ఎండలో తొడలు నిగనిగలాడుతూ వెళ్లింది. డల్సీ తలుపు తెరిచింది. కోడి లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

క్లిక్.

అదీ ఊరంతా చూసి కళ్లు తుడుచుకున్న ఫొటో.

మూడు వారాల తర్వాత స్కూలు సెలవుల్లో బ్రోడీ చెవి చూపించడానికి నలుగురం టౌనుకి వెళ్లాం. మా పేటలో ఆ పోస్టర్ ఒక్కటీ అంటించలేదు. చందాలిచ్చేవాళ్లు ఉండే చోటే అంటించారు. అందుకని అప్పటిదాకా మాకు తెలియనే తెలియదు. బస్సు దిగగానే బ్రోడీ అరిచాడు.

"అక్క! అక్కకి ఎంత పెద్ద తలకాయో!"

నా మొహం అమ్మమ్మంత ఎత్తుంది. నేను నా ముక్కుని చూసుకుంటున్నాను. అమ్మ అక్షరాలు చదువుతోంది. రెండుసార్లు చదివింది. పెదవులు కదలడం కనిపించింది.

"ఎమ్మా ఎవరే?" అంది అమ్మమ్మ.

అమ్మ నా వైపు తిరిగి, అదోలా గొంతు మార్చి అడిగింది. "నిజం చెప్పు. ఏ రోజైనా నువ్వు తినకుండా పడుకున్నావా?"

"లేదు."

"వాడు?"

"వాడు నాది కూడా తింటాడు."

"పదండి" అంది అమ్మ. డాక్టరు వైపు కాదు, ఆ సంస్థ ఆఫీసు వైపు. రెండు వీధుల అవతలే.

అక్కడ వెచ్చగా ఉంది. నేల మీద మెత్తటి తివాచీ. గోడ మీద మళ్లీ నేనే. ఫిలిపా ఎదురొచ్చి అమ్మ చేతులు పట్టుకుంది. "చాలా మంచి స్పందన వస్తోంది రేలీన్! మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా."

"ఆ మాట తీసెయ్యండి."

"ఏ మాట?"

"నా పిల్లలు ఆకలితో పడుకోరు. పేరు మార్చుకోండి, వయసు మార్చుకోండి, దానికి తోక పెట్టుకోండి, నాకేం కాదు. ఆ ఒక్క మాట మాత్రం తీసెయ్యాలి."

"అది మీ గురించి కాదు రేలీన్" అంది ఫిలిపా. "అలాంటి పిల్లలు ఎంతోమంది ఉన్నారు. ఎమ్మా వాళ్లందరికీ ప్రతినిధి."

"ప్రతినిధైతే ఎన్నికల్లో నిలబెట్టండి" అంది అమ్మమ్మ. "మా పిల్ల మొహం అతికించి నా కూతుర్ని తిడతారేంటి?"

"తిట్టలేదండీ..."

"తిట్టారు" అంది అమ్మ. గొంతు పెంచలేదు. మామూలుగా అయితే అమ్మది చేపల ఫ్యాక్టరీ నోరు, తలుపులు అదిరేవి. ఆ రోజు చాలా చిన్నగా మాట్లాడింది. "చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఈ తల్లి కూతురికి తిండి పెట్టదు అనుకుంటారు. నేను పెట్టాను. రోజూ పెట్టాను. తినకుండా పడుకున్నది నేను. నా ఫొటో వేసుకోండి, అప్పుడు ఆ మాట నిజమే అవుతుంది."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నన్ను మర్చిపోయినట్టుంది, ఫిలిపానే చూస్తోంది. నా పక్కన బ్రోడీ ముక్కులోంచి వేలు తీశాడు.

ఫిలిపా మనిషి చెడ్డది కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. "అమ్మల ఫొటోకి ఎవరూ ఇవ్వరు రేలీన్" అంది. "మేం వేసి చూశాం. పెద్దవాళ్లని చూస్తే జనం, ఈవిడ ఏదో తప్పు చేసుంటుంది అనుకుంటారు. పిల్లలైతేనే ఇస్తారు."

ఆవిడ అబద్ధమాడలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బతికాను, ఆ మాట తప్పని ఎవరూ నాకు చూపించలేదు.

ఫొటో తీసిన రోజు అమ్మ సంతకం చేసిన ఒప్పుకోలు కాగితం తీసి చూపించారు. నెలాఖరు దాకా పోస్టర్లు అలాగే ఉంటాయట. అమ్మ తల ఊపి బయటికి నడిచింది. వెనకాల అమ్మమ్మ, బల్ల మీదున్న లావుపాటి నల్ల మార్కర్ తీసి కోటు జేబులో వేసుకుంది. నేను నోరు తెరిచాను.

"దొంగతనం కాదే" అంది. "చందా."

మొదటి పోస్టర్ దగ్గర మార్కర్ పట్టుకున్నది అమ్మమ్మే. ముందుగా నాకు మీసాలు పెట్టింది. "ఇప్పుడు చెప్పమను తొమ్మిదేళ్లని."

"ఇలా ఇయ్యి" అని అమ్మ లాక్కుంది. "ఎమ్మా" కొట్టేసింది. "9" కొట్టేసింది. కింద ఖాళీలో రాసింది: "టీగన్, 11. తింది."

"నేను కూడా తిన్నాను!" అన్నాడు బ్రోడీ.

"బ్రోడీ కూడా తిన్నాడు" అని రాసింది అమ్మ. ఒక్క క్షణం ఆగింది. అప్పుడు ఇంకో లైను రాసింది: "తిననిది వాళ్లమ్మ."

పట్టపగలు. బస్టాప్ బెంచీ మీద మంచి కోటు వేసుకున్న ముసలాయన ఒకాయన పేపరు మడిచి మమ్మల్నే చూస్తున్నాడు. పోలీసుల్ని పిలుస్తాడేమోనని నేను బ్రోడీని వెనక్కి లాగాను.

"మీరేనామ్మా వాళ్లమ్మ?" అన్నాడు.

"అవును. ఏం?"

"రెండో లైన్లో ఒక అక్షరం పోయింది" అన్నాడు. "రాసేదేదో సరిగ్గా రాయండి. లేకపోతే దాన్నే పట్టుకుంటారు జనం."

అమ్మ ఆయన చెప్పిన అక్షరం ఇరికించింది. థ్యాంక్స్ చెప్పింది. ముప్పై నాలుగేళ్ల నలభై కేజీల మనిషి, చెంపల మీద నల్ల సిరా, నవ్వుతోంది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు.

ఆ మధ్యాహ్నం ఏడు పోస్టర్లు దిద్దింది. ఎనిమిదోది బస్సు. స్టాపులో ఆగగానే అమ్మ వెనక్కి పరిగెత్తి "ఆకలితో" అన్న మాట కొట్టేసింది. మిగతాది రాసేలోపల బస్సు కదిలి వెళ్లిపోయింది. దాంతో నెలంతా ఆ బస్సు ఊరు చుట్టూ ఒకటే కబురు మోసుకు తిరిగింది: "ఈ చలికాలం ఎమ్మా పడుకుంటోంది." సెలవులు అయ్యాక స్కూల్లో నన్ను చూడగానే, "ఏంటే ఎమ్మా, నిద్ర లేచావా?" అనేవారు. ఒకడి ముక్కు పగలగొట్టాక మానేశారు.

బ్రోడీ చెవి మాత్రం ఆ రోజు చూపించలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాల్సొచ్చింది.

పోస్టర్ల సంగతి ఎవరో ఫొటో తీసి పేపరుకి పంపారు. రెండు రోజుల్లో ఆ బస్సు మీదిది తప్ప అన్నీ పీకేశారు. ఫిలిపా ఫోన్ చేసి అమ్మతో చాలాసేపు మాట్లాడింది. అమ్మ "ఊ" "ఊ" అనడం తప్ప ఇంకేం వినపడలేదు. బూట్లు ఇవ్వడం ఆపలేదు వాళ్లు. తర్వాతి ఏడాది కూడా పోస్టర్ వేశారు, ఈసారి పిల్లాణ్ణి, ఇంకో పేటలో. వాడి ఫ్రిజ్‌లో ఏముందో నాకు తెలియదు.

కానీ నాకు బాగా గుర్తున్నది ఇవేవీ కావు. పోస్టర్లు దిద్దిన రోజు సాయంత్రం.

అమ్మ మెదిపిన బంగాళాదుంపలు, బఠాణీలు, సాసేజ్‌లు చేసింది. మాకు మూడు పళ్లేల్లో పెట్టింది. టీ కప్పు పట్టుకుని సింకుకి ఆనుకుని నిలబడింది. రోజూ అలాగే నిలబడేది. మా బల్లకి మూడే కుర్చీలు. నాలుగోది పడగ్గదిలో బట్టలు పడెయ్యడానికి ఉండేది. అది అక్కడ ఎందుకుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"తినండి" అంది అమ్మ. "నేను ఫ్యాక్టరీలో తినే..." అని ఆగిపోయింది.

"ఇవాళ ఫ్యాక్టరీ లేదుగా" అన్నాడు బ్రోడీ.

అమ్మమ్మ ఫోర్కు కింద పెట్టింది. ప్రపంచంలో దేని మీదైనా జోకు వెయ్యగలిగిన మనిషి, తన పళ్లెంలోకి చూసుకుంటూ కూర్చుంది. ఎన్నాళ్లనించీ, అని అడగాలనుకుంది కాబోలు. అడగలేదు.

నేను లేచి పడగ్గదిలోకి వెళ్లాను. కుర్చీ మీది బట్టలన్నీ నేల మీదికి కుమ్మరించి, కుర్చీ ఈడ్చుకొచ్చి బల్ల దగ్గర వేశాను. అమ్మ అలాగే నిలబడింది. బ్రోడీ తన సాసేజ్‌ని చేత్తోనే రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క చూసి కాస్త ఆలోచించి, దాన్నే ఆ కుర్చీ ముందు ఒట్టి బల్ల మీద పెట్టాడు. అమ్మమ్మ లేచి నాలుగో పళ్లెం తెచ్చింది. తన దుంపలు సగం అందులో వేసింది. నేను సాసేజ్ వేశాను.

"మీ నాటకాలు నా దగ్గర వెయ్యకండి. చల్లారిపోతుంది, తినండి" అంది అమ్మ.

"నువ్వు కూర్చుంటేనే" అన్నాను.

కూర్చుంది. నిలబడి తినడం అలవాటైపోయిన మనిషి కదా, గబగబా మింగడం మొదలుపెట్టింది, ఎవరో లాక్కుంటారన్నట్టు. ఫోర్కుల చప్పుడు. ఎదురింటి డల్సీ కుక్క మొరుగుతోంది.

బ్రోడీ మోచేతుల మీద ఆనుకుని అమ్మ పళ్లెంలోకి తొంగి చూశాడు. "బఠాణీలు వదిలేస్తున్నావు" అన్నాడు.

"నాకు బఠాణీలు నచ్చవు."

"మాకూ నచ్చవు. అయినా తినాలి."

అమ్మమ్మకి పొలమారింది. అమ్మ వాడి వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఫోర్కుతో నాలుగు బఠాణీలు పొడిచి నోట్లో పెట్టుకుని, మొహం వికారంగా పెట్టి నమిలింది.

"నోరు మూసుకుని నీది నువ్వు తిను, వెధవా" అంది.